తుపాను వెలిశాక ఎవరు మిగులుతారు?

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను ఆంధ్రప్రదేశ్‌లోని నరసాపురం సమీపాన తీరం దాటింది. సరిగ్గా నెల తిరిగేసరికి దిత్వా తుపాను శ్రీలంకను అతలాకుతలం చేసింది. కాండీ, బదుళ్ల, నువారా ఎలియా వంటి కొండ ప్రాంతాల్లో చరియలు విరిగిపడి, వరదలు ముంచెత్తి, 600 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. భారత ప్రభుత్వం ‘ఆపరేషన్ సాగర్ బంధు’ పేరిట నౌకలను, విమానాలను, జాతీయ విపత్తు స్పందన దళాలను వెంటనే పంపింది. తొలి రోజుల్లో ఏ దేశానికైనా కావలసిన సాయం అదే. నీటిలో చిక్కుకున్నవారిని ఒడ్డుకు చేర్చాలి, ఆకలిగొన్నవారికి అన్నం పెట్టాలి, తెగిన దారులను కలపాలి.

ఆ పని ముగిశాక దళాలు వెనుదిరుగుతాయి. వార్తా బృందాలు మరో చోటికి తరలిపోతాయి. విరాళాల వరవడీ నెమ్మదిస్తుంది. అప్పుడు కూడా ఊరు విడిచిపోని వారు కొందరుంటారు. చర్చి ఆవరణలో శిబిరం నడిపే ఫాదర్, డిస్పెన్సరీలో మందులిచ్చే సిస్టర్, మఠం వంటశాలలో గంజి కాచే సన్యాసి, విహారంలో నిర్వాసితులకు చోటిచ్చే భిక్షువు ఆ కోవకు చెందినవారు. వారు తుపానుకు ముందూ అక్కడే ఉన్నారు, తర్వాతా అక్కడే ఉంటారు. దక్షిణాసియా తీరంలో ప్రతి పెనువిపత్తు తర్వాతా ఈ సేవకుల ప్రస్తావన వస్తుంది. దాని వెంటే రెండు ప్రశ్నలూ వస్తాయి. వారికి అండగా నిలవడం సమంజసమేనా? నిలిస్తే, ఏ షరతులపై?

ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం ఒకే అంశంలో ఉంది. మతసేవా సంస్థల బలం వారు ఊళ్లో స్థిరంగా ఉండటం. వారిపై అనుమానానికీ మూలం అదే. కష్టకాలంలో తోడున్న చేయి ఏళ్ల తరబడి పక్కనే ఉంటే, ఆ తోడు క్రమంగా పలుకుబడిగా మారుతుంది. కనుక వారికి అందించే మద్దతు ఆ స్థిరత్వాన్ని నిలబెట్టేదిగా ఉండాలి, ఆ పలుకుబడి దుర్వినియోగం కాకుండా చూసేదిగానూ ఉండాలి. ఉపఖండం అనుభవం ఈ రెంటికీ ఉదాహరణలు చూపుతుంది.

మన్పురా నుంచి దివిసీమ దాకా

1970 నవంబరు 12 రాత్రి నాటి తూర్పు పాకిస్తాన్‌ను తాకిన భోలా తుపాను ఆధునిక చరిత్రలో అత్యధిక ప్రాణాలను బలిగొన్న తుపాను. మృతుల సంఖ్య 3 లక్షల నుంచి 5 లక్షల దాకా ఉంటుందని అంచనా. మేఘనా నది ముఖద్వారంలోని మన్పురా దీవి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. నాటి పాలకుల స్పందన మందకొడిగా సాగడం ప్రజల ఆగ్రహాన్ని రగిల్చింది. మరుసటి ఏడాది బంగ్లాదేశ్ ఆవిర్భావానికి దారితీసిన కారణాల్లో ఆ ఆగ్రహమూ ఒకటని చరిత్రకారులు చెబుతారు.

మన్పురాకు సహాయంతో వెళ్లినవారిలో ఫాదర్ రిచర్డ్ విలియం టిమ్ ఒకరు. అమెరికాలో పుట్టిన ఆయన హోలీక్రాస్ సభ గురువు. ఢాకాలోని నొత్రదామ్ కళాశాలలో జీవశాస్త్రం బోధించేవారు. నులిపురుగుల జాతులపై పరిశోధన ఆయనకు పేరు తెచ్చింది. మన్పురాలో అదే సమయంలో సహాయక చర్యలకు పూనుకున్న మరో వ్యక్తి ఫజలే హసన్ ఆబెద్. అప్పటికి ఆయన ఒక చమురు సంస్థలో ఉన్నతోద్యోగి. 1972లో ఆబెద్ స్థాపించిన బ్రాక్ కాలక్రమంలో ప్రపంచంలోనే అతిపెద్ద స్వచ్ఛంద సంస్థల్లో ఒకటిగా ఎదిగింది. భోలా తుపాను సహాయం కోసం కేథలిక్ సభ ఏర్పాటు చేసిన విభాగమే తర్వాత కారితాస్ బంగ్లాదేశ్‌గా రూపొందింది. టిమ్ మాత్రం బంగ్లాదేశ్‌లోనే ఉండిపోయి మానవ హక్కుల కోసం దశాబ్దాలు పనిచేశారు. 1987లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది. ఒకే దీవిలో ఒక క్రైస్తవ గురువు, ఒక ముస్లిం కుటుంబంలో పుట్టిన ఉద్యోగి భుజం భుజం కలిపి చేసిన పని ఆ దేశ సామాజిక సేవారంగానికే ఒక దారి వేసింది.

తెలుగు నేలకూ ఇటువంటి అనుభవం ఉంది. 1969లో కోస్తాంధ్రను తాకిన తుపాను తర్వాత బెల్జియం దేశస్థుడైన యేసుసభ గురువు ఫాదర్ మైకేల్ విండీ గుంటూరు ప్రాంతంలో గ్రామ పునర్నిర్మాణానికి పూనుకున్నారు. ఆ కృషి విలేజ్ రీకన్‌స్ట్రక్షన్ ఆర్గనైజేషన్‌గా రూపుదిద్దుకుంది. కూలిన గుడిసె స్థానంలో ఇల్లు కట్టించి చేతులు దులుపుకోకుండా, ఊరిని ఊరుగా తిరిగి నిలబెట్టడం ఆ సంస్థ ఎంచుకున్న పద్ధతి. నివేశన స్థలం, ఇల్లు, దారి, బడి, పని అన్నీ అందులో భాగమే.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఈ పద్ధతికి అతిపెద్ద పరీక్ష పెట్టింది. దాదాపు 5 మీటర్ల ఎత్తున లేచిన కెరటాలు కృష్ణా ముఖద్వారంలోని గ్రామాలను ఊడ్చుకుపోయాయి. 10 వేలకు మించి ప్రాణాలు పోయాయన్నది సాధారణంగా చెప్పే లెక్క. ఆనాటి విషాదానికి స్పందించనివారు లేరు. అవనిగడ్డకు ప్రాతినిధ్యం వహించిన మండలి వెంకట కృష్ణారావు సహాయ, పునరావాస కార్యక్రమాలకు ముందు నిలిచారు. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి ఊరూరా తిరిగి విరాళాలు సేకరించారు. రామకృష్ణ మిషన్, రాష్ట్రీయ స్వయంసేవక్ సంఘ్ కార్యకర్తలు, కేథలిక్, ప్రొటెస్టెంటు సేవా విభాగాలు, గాంధేయ సంస్థలు అన్నీ ఒకే బురదలో దిగి పనిచేశాయి. శవాలకు అంత్యక్రియలు జరిపే వేళ ఎవరిది ఏ సంస్థ అని అడిగే వ్యవధి ఎవరికీ లేదు. క్రైస్తవ చర్చిల ఉమ్మడి సేవాసంస్థ ‘కాసా’ వంటివి తర్వాతి ఏళ్లలో ఆంధ్ర తీరం వెంబడి తుపాను ఆశ్రయ భవనాలు నిర్మించాయి.

‘మిషనరీ’ అనగానే క్రైస్తవ ప్రచారకుడే తలపునకు రావడం తెలుగువారికి అలవాటు. అయితే ఉపఖండంలో మతప్రేరిత సహాయానికి అనేక ధారలున్నాయి. వివేకానందుడు 1897 మే 1న స్థాపించిన రామకృష్ణ మిషన్ అదే ఏడాది బెంగాల్‌లోని ముర్షిదాబాద్ జిల్లాలో కరవు సహాయంతో తన సేవను ఆరంభించింది. స్వామి ప్రణవానంద స్థాపించిన భారత సేవాశ్రమ సంఘం, సిక్కుల లంగరు సంప్రదాయం నుంచి ఎదిగిన ఖాల్సా ఎయిడ్, జకాత్ నిధులతో నడిచే ముస్లిం సేవాసంస్థలు ఇదే కోవలోనివి. వాటి తత్త్వాలు వేరు, విశ్వాసాలు వేరు. తుపాను తర్వాత అవి చేసే పని, ఎదుర్కొనే సందేహాలు మాత్రం చాలావరకు ఒక్కటే.

ప్రాణాలు దక్కాయి, బతుకులు దక్కాలి

బంగాళాఖాతం తీరంలో గత పాతికేళ్లలో వచ్చిన పెనుమార్పు మరణాల తగ్గుదల. 1999 అక్టోబరు 29న ఒడిశాను తాకిన పెనుతుపానులో దాదాపు 10 వేల మంది చనిపోయారు. జగత్‌సింగ్‌పూర్ జిల్లాలోని ఎరసమ ప్రాంతం శ్మశానంగా మారింది. ఆ గుణపాఠంతో ఒడిశా ప్రత్యేకంగా విపత్తు నిర్వహణ సంస్థను ఏర్పాటు చేసుకుంది. 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ వద్ద తీరం దాటే సమయానికి లక్షలాది మందిని ముందే తరలించారు. 2019లో ఫొనీ తుపాను ముంగిట ఒడిశా సుమారు 12 లక్షల మందిని సురక్షిత ప్రాంతాలకు చేర్చింది. మరణాలు పదుల సంఖ్యకు పరిమితమయ్యాయి. బంగ్లాదేశ్‌లోనూ 1972లో మొదలైన తుపాను సన్నద్ధత కార్యక్రమం వేలాది గ్రామీణ వలంటీర్లను తయారుచేసింది. 1991 ఏప్రిల్‌లో సుమారు 1,38,000 మందిని బలిగొన్న ఆ తీరంలో తర్వాతి తుపాన్ల మృతుల సంఖ్య గణనీయంగా తగ్గింది.

ఇది ప్రభుత్వాల ఘనత. వాతావరణ శాఖ హెచ్చరికలు, తరలింపు యంత్రాంగం, ఆశ్రయ భవనాలు, స్పందన దళాలు లేకుండా ఏ సేవాసంస్థా ఇంత పని చేయగలిగేది కాదు. ప్రాణం దక్కినవారి సంఖ్య పెరిగేకొద్దీ, సర్వం కోల్పోయి బతకవలసినవారి సంఖ్య కూడా పెరుగుతుంది. సహాయానికి అసలు పరీక్ష అక్కడ మొదలవుతుంది. 2009 మే నెలలో ఐలా తుపాను సుందరవనాల కట్టలను తెంపినప్పుడు ఉప్పునీరు పొలాల్లో నిలిచిపోయింది. ఉప్పు పేరుకున్న నేల వరి పండలేదు. చెరువుల్లో మంచినీటి చేపలు చచ్చిపోయాయి. తిండికి, పనికి వెతుక్కుంటూ ఎందరో ఊళ్లు విడిచి నగరాలకు వలసపోయారు. ఐలా మృతుల జాబితాలో వారి పేర్లుండవు. తుపాను నష్టంలో మాత్రం వారి బతుకులూ ఉన్నాయి.

నష్టపరిహారం అందే దారిలోనూ అడ్డంకులున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో పొలం దున్నేది కౌలు రైతు, కాగితం మీద పేరుండేది భూయజమానికి. సాగుదారు ధ్రువీకరణ చేతిలో లేనివారికి పంట నష్టపరిహారం అందడం కష్టం. ఇంటి పట్టా లేని గుడిసెకు నష్టం రాయించడం, రిజిస్ట్రేషన్ లేని నాటు పడవకు పరిహారం తెచ్చుకోవడం కూడా అంతే. శ్రీలంక కొండల్లో తేయాకు తోటల్లో పనిచేసే తమిళ కుటుంబాలు తరతరాలుగా ఎస్టేటు ఇళ్ల వరుసల్లో నివసిస్తున్నాయి. వారిలో చాలామందికి ఇంటిపై గాని, నేలపై గాని హక్కు పత్రాలు లేవు. చరియ కింద ఇల్లు పోయినప్పుడు కొత్త ఇల్లు ఏ నేల మీద కట్టాలన్నదే వారికి తొలి ప్రశ్న.

ఈ ఖాళీలోనే మతసేవా సంస్థల ఉనికి అక్కరకొస్తుంది. ఊళ్లో ఏ ఇంట ఎవరున్నారో, ఏ వితంతువు పేరు రేషను కార్డులో లేదో, ఏ పిల్లవాడు బడి మానేశాడో విచారణ గురువుకో, ఆశ్రమ కార్యకర్తకో తెలిసినంతగా జిల్లా కేంద్రం నుంచి వచ్చిన సిబ్బందికి తెలియదు. కొట్టుకుపోయిన ఆధార్, పాసుపుస్తకాలు, చదువు ధ్రువపత్రాలు తిరిగి తెచ్చుకోవడానికి దరఖాస్తు రాసిపెట్టేవారు కావాలి. వలలకు, మేకలకు, విత్తనాలకు వడ్డీ లేని పెట్టుబడి కావాలి. లేకపోతే బాధితుడు వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కక తప్పదు. రాత్రిళ్లు గాలి వీచినా ఉలిక్కిపడే పిల్లలకు ధైర్యం చెప్పే మనిషి కావాలి. ఫొటోలకు ఎక్కని పని ఇది. ఏళ్ల తరబడి సాగే పని ఇది.

అన్నం ముద్దకు షరతు ఉందా?

సహాయం చాటున మతమార్పిడి జరుగుతుందన్న అనుమానాన్ని ద్వేష ప్రచారమని కొట్టిపారేయడం సులువు. కాని అది పూర్తి సమాధానం కాదు. ఆకలితో ఉన్నవాడికీ అన్నం పెట్టేవాడికీ మధ్య సమానత్వం ఉండదు. ఏమీ అడగకపోయినా, అడుగుతున్నారేమోనని అనిపించే స్థితి అది. ఈ చిక్కును తెలుగు నేల మీద పనిచేసిన మిషనరీలే నూటయాభై ఏళ్ల క్రితం గుర్తించారు.

1876-78 నాటి దాతుకరవు మద్రాసు రాజధానిని పీడించినప్పుడు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పని గుత్తకు తీసుకున్నారు. వేలాది కూలీలకు, ముఖ్యంగా మాదిగ కుటుంబాలకు, ఆ పని ప్రాణం పోసింది. కూలీల్లో అనేకులు బాప్తిస్మం ఇమ్మని కోరినా, తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా ఆయన నిరాకరించారు. సహాయం ముగిశాకే బాప్తిస్మాలు తిరిగి మొదలయ్యాయి. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. దీన్ని రెండు విధాలుగా చదవవచ్చు. సహాయానికీ బాప్తిస్మానికీ మధ్య గీత గీయవలసిన అవసరాన్ని ఒక మిషనరీ తానే గుర్తించాడనడానికి ఇది సాక్ష్యం. గీత గీసినా కృతజ్ఞత దాన్ని దాటుతుందనడానికీ ఇదే సాక్ష్యం. అంటరానితనం నుంచి బయటపడాలన్న ఆ కుటుంబాల సొంత ఆకాంక్షను విస్మరిస్తే మాత్రం రెండు పఠనాలూ అసంపూర్ణమే.

స్వతంత్ర భారతం ఈ గీతను చట్టంలో రాసుకుంది. రాజ్యాంగంలోని 25వ అధికరణం మతాన్ని ఆచరించే, ప్రచారం చేసే స్వేచ్ఛను ఇచ్చింది. 1977 జనవరిలో స్టెయినిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ప్రచార హక్కులో ఇతరులను మతం మార్చే హక్కు లేదని స్పష్టం చేసింది. బలవంతం, మోసం, ప్రలోభాలతో మార్పిడిని నిషేధించిన మధ్యప్రదేశ్, ఒడిశా చట్టాలను సమర్థించింది. విపత్తు సహాయం ప్రలోభంగా మారకూడదన్నది ఆ తీర్పు వెలుగులో నిర్వివాదం. ప్రతి సహాయాన్నీ ప్రలోభంగా భావించాలని ఆ తీర్పు చెప్పలేదన్నదీ అంతే నిజం.

అనుమానం అదుపు తప్పితే ఎంత దూరం పోతుందో 1999లో దేశం చూసింది. ఆ ఏడాది జనవరి 22 అర్ధరాత్రి దాటాక ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, నిద్రిస్తున్న ఆయన ఇద్దరు కుమారులతో సహా వాహనంలోనే సజీవదహనం చేశారు. బారిపదలో కుష్ఠురోగులకు దశాబ్దాల పాటు సేవ చేసిన మనిషి ఆయన. హంతకులను క్షమిస్తున్నానని ప్రకటించిన భార్య గ్లాడిస్ స్టెయిన్స్ ఆ ఆశ్రమ సేవను కొనసాగించారు. 2005లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ప్రదానం చేసింది. ఆ హత్య జరిగిన తొమ్మిది నెలలకే అదే రాష్ట్ర తీరం పెనుతుపానులో మునిగింది. అన్ని మతాల సేవకులూ ఎరసమ బాట పట్టారు.

అంతర్జాతీయ సహాయరంగం కూడా తన నియమాలను తానే రాసుకుంది. రెడ్‌క్రాస్, రెడ్ క్రెసెంట్ ఉద్యమం, స్వచ్ఛంద సంస్థలు కలిసి 1994లో రూపొందించిన ప్రవర్తనా నియమావళిలో పది సూత్రాలున్నాయి. సహాయానికి అవసరం ఒక్కటే కొలమానమని, జాతి, మతం, దేశం చూడరాదని, రాజకీయ లేదా మత దృక్పథాన్ని ముందుకు తీసుకెళ్లడానికి సహాయాన్ని వాడరాదని అందులో ఉంది. అనేక చర్చి సేవాసంస్థలు ఈ నియమావళిని అంగీకరించాయి. చిక్కంతా అమలులోనే. జాతీయ కార్యాలయంలో సంతకం చేసిన నియమం మారుమూల శిబిరంలో వలంటీరుకు తెలిసి ఉండాలి. బియ్యం సంచి ఇచ్చే వరుసలో ప్రార్థనా పత్రం పంచకూడదని అతనికి ఎవరో ఒకరు ముందే చెప్పి ఉండాలి.

అంతగా చర్చకు రాని మరో ప్రమాదం కూడా ఉంది. మతం మార్చే ఉద్దేశం లేకున్నా, తమ సంఘస్థులకే ముందు పెట్టుకునే అలవాటు ఏ మతసంస్థకైనా రావచ్చు. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో దళిత కుటుంబాలను ఉమ్మడి శిబిరాల నుంచి దూరం పెట్టిన సంఘటనలు నమోదయ్యాయి. కులం వరద నీటిలో కొట్టుకుపోదు. సహాయ జాబితాను ఊరి పెద్దల చేతిలో పెడితే వారి అంతస్తులే అందులో ప్రతిఫలిస్తాయి. ఆ పెద్దలు గుడికి చెందినా, చర్చికి చెందినా, మసీదుకు చెందినా ఫలితంలో తేడా లేదు.

డబ్బు నడిచే దారి

సంస్థలకు అండ అంటే అంతిమంగా డబ్బే. ఆ డబ్బు ఏ దారిన వస్తుందన్నది చట్టం నిర్ణయిస్తుంది. విదేశీ విరాళాల నియంత్రణకు 1976లో తొలి చట్టం వచ్చింది. 2010లో దాని స్థానంలో కొత్త చట్టాన్ని తెచ్చారు. 2020 సెప్టెంబరు సవరణలు నిబంధనలను మరింత బిగించాయి. విదేశీ విరాళం ఏదైనా మొదట ఢిల్లీలోని భారతీయ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. పరిపాలనా వ్యయం పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ నిధిని మరో సంస్థకు బదిలీ చేయడం పూర్తిగా నిషిద్ధమైంది.

విపత్తు సహాయంపై ఈ చివరి నిబంధన ప్రభావం ఎక్కువ. గతంలో పెద్ద సంస్థ నిధి సేకరించి, తీరంలోని చిన్న సంఘాలకు పంచేది. లెక్కలు రాయగల శక్తి పెద్ద సంస్థకు ఉండేది, ఊరి గుట్టు చిన్న సంఘానికి తెలిసేది. ఇప్పుడు ఆ గొలుసు తెగింది. పెద్ద సంస్థ స్వయంగా రంగంలోకి దిగాలి, లేదా చిన్న సంఘం స్వయంగా రిజిస్ట్రేషన్ పొందాలి. వ్యయ పరిమితితో మరో ఇబ్బంది ఉంది. సలహాదారు, ఆరోగ్య కార్యకర్త, గుమస్తా వంటి మనుషుల మీద నడిచే దీర్ఘకాలిక పునరావాసంలో ఏది సేవ, ఏది పరిపాలన అన్న గీత ఎప్పుడూ స్పష్టంగా ఉండదు.

ప్రభుత్వ వాదనకూ బలం ఉంది. నిధులు చేతులు మారుతూ పోతే అంతిమ వినియోగం కనిపెట్టడం కష్టమవుతుంది. విదేశీ ధనం దేశీయ విధానాలను, సామాజిక సామరస్యాన్ని ప్రభావితం చేయరాదన్నది సార్వభౌమ దేశాలన్నీ పాటించే జాగ్రత్త. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు 2020 సవరణలను సమర్థిస్తూ, విదేశీ విరాళం పొందడం సంపూర్ణ హక్కు కాదని స్పష్టం చేసింది. అదే సమయంలో అనిశ్చితి ఖరీదు కూడా కనబడుతూనే ఉంది. 2021 డిసెంబరు 25న మదర్ థెరిసా స్థాపించిన మిషనరీస్ ఆఫ్ చారిటీ రిజిస్ట్రేషన్ పునరుద్ధరణను కేంద్ర హోంశాఖ తిరస్కరించింది. కొద్ది వారాల్లోనే, 2022 జనవరిలో, దాన్ని పునరుద్ధరించింది. 2024లో వరల్డ్ విజన్ ఇండియా, కాసా వంటి సంస్థల రిజిస్ట్రేషన్లు రద్దయ్యాయి. ఉల్లంఘన జరిగితే చర్య తప్పదు. అయితే నిర్ణయానికి కారణాలు సవివరంగా, సకాలంలో వెలువడినప్పుడే ఇతర సంస్థలు తమ లెక్కలను సరిదిద్దుకోగలవు. సగంలో ఆగిన ఇళ్ల కప్పులకు చట్టం తెలియదు.

ప్రవాస తెలుగువారు గమనించవలసిన అంశం కూడా ఈ చట్టంలో ఉంది. భారత పౌరసత్వం నిలుపుకొన్న ప్రవాసులు తమ సొంత సంపాదన నుంచి సాధారణ బ్యాంకు మార్గాల్లో పంపే విరాళం విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, వారు భారత సంతతివారైనా, విదేశీ విరాళమే అవుతుంది. దాన్ని స్వీకరించే సంస్థకు రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండితీరాలి. ఆదుర్దాలో పంపిన డబ్బు ఊళ్లోని చిన్న ఆశ్రమాన్నో, చర్చినో చట్టపరమైన చిక్కుల్లో పడేయవచ్చు. పంపే ముందు ఒక్క ప్రశ్న అడిగితే ఆ చిక్కు తప్పుతుంది.

అండగా నిలవడమంటే

సునామీ తర్వాత నాగపట్నం రోడ్ల పక్కన పాత బట్టల గుట్టలు పడి ఉండటం ఆనాడు దేశమంతా చూసింది. ఇచ్చినవారి మనసు మంచిదే. తీసుకోవలసినవారి ఆత్మగౌరవాన్ని, అవసరాన్ని ఎవరూ అడగలేదు. అక్కరలేని సామగ్రిని దింపడానికి, వేరుచేయడానికి, పారవేయడానికి కూడా సహాయ సిబ్బంది సమయమే ఖర్చవుతుంది. డబ్బు రూపంలో ఇస్తే స్థానికంగా కొనుగోలు జరుగుతుంది, దెబ్బతిన్న అంగళ్లకూ ఊపిరి అందుతుంది.

డబ్బు ఎప్పుడు ఇవ్వాలన్నది అంతకన్నా ముఖ్యం. తొలి పది రోజుల్లో వచ్చే విరాళం అన్నం పొట్లాలకు చాలుతుంది, ఒక్కోసారి మించుతుంది. రెండో ఏడాది, నేలలో ఉప్పు కడగడానికో, పిల్లల ఫీజులకో, వితంతువు కుట్టుమిషనుకో డబ్బు కావలసినప్పుడు ఇచ్చేవారు దొరకరు. విరాళంలో కొంత భాగాన్ని ఏడాది తర్వాత ఇస్తామని ముందే చెప్పే దాత, నెలనెలా చిన్న మొత్తం పంపే కుటుంబం, రెండు మూడేళ్లకు ఒప్పందం చేసుకునే కంపెనీ ఈ సంస్థలకు నిజమైన ఆధారం. కంపెనీల సామాజిక బాధ్యత నిధులను విపత్తు సహాయం, పునరావాసం, పునర్నిర్మాణాలపై వెచ్చించవచ్చని 2019లో చట్టం షెడ్యూలులోనే చేర్చారు. ఆ మూడు పదాల్లో చివరి రెండింటికి అందే వాటా పెరగాలి.

సంస్థలు తమ వంతు చేయవలసినదీ ఉంది. లబ్ధిదారుల జాబితాను ఊరి నడుమ, అందరూ చదవగలిగేలా గోడకు అంటించాలి. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అన్న లెక్క తెలుగులోనో, తమిళంలోనో, బెంగాలీలోనో, ఆ ఊరివారి భాషలో ఉండాలి. ఆరాధనకు, సహాయ పంపిణీకి వేర్వేరు చోట్లు, వేర్వేరు వేళలు, వీలైతే వేర్వేరు మనుషులు ఉండాలి. పొరుగు విశ్వాసానికి చెందిన సంస్థతో కలిసి పంపిణీ చేస్తే అనుమానం సగం తగ్గుతుంది. తమ వారికే ముందు పెట్టుకునే అలవాటుకూ కళ్లెం పడుతుంది. ఫిర్యాదు చేయదలచిన బాధితుడు గురువు దగ్గరికో స్వామి దగ్గరికో కాక, ఊరికి సంబంధం లేని మరొకరి దగ్గరికి వెళ్లే వీలుండాలి.

ప్రభుత్వాల పాత్రకు ప్రత్యామ్నాయం లేదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం జిల్లా స్థాయి యంత్రాంగాన్ని ఏర్పరచింది. స్వచ్ఛంద సంస్థల పాత్రపై జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మార్గదర్శకాలనూ ఇచ్చింది. తుపాను వచ్చాక సమావేశం పెట్టడం కంటే, జూన్ లోగానే ఏ మండలంలో ఏ సంస్థ ఏ పని చూస్తుందో పంచుకోవడం మేలు. ఆ పంపకంలో మతసంస్థలకు అవి చేయగల పనిని అప్పగించాలి, అందుకు లెక్క అడగాలి. బాధితుడికి పరిహారం హక్కుగా అందితే, సేవాసంస్థ ఇచ్చేది అదనపు ఆసరా అవుతుంది. ఆ హక్కు అందనిచోటే సేవాసంస్థ ఇచ్చేది ఏకైక దిక్కవుతుంది. సహాయానికి షరతు పెట్టే అవకాశం ఎవరికైనా వచ్చేది అలాంటిచోటనే.

ఈ కోణంలో చూస్తే ప్రభుత్వ బాధ్యత, మతసంస్థల సేవ ఒకదానికొకటి పోటీ కావు. కౌలు రైతుకు పత్రం, తోట కార్మికుడికి ఇంటి పట్టా, జాలరికి పడవ రిజిస్ట్రేషన్ ముందే చేతికి వస్తే, తుపాను మర్నాడు వారు ఎవరి గుమ్మం ముందూ చేయి చాచనక్కరలేదు. అప్పుడు ఆశ్రమానికో చర్చికో వారు వెళితే అది ఓదార్పు కోసం, ఇష్టపూర్వకంగా వెళ్లడం అవుతుంది. ఊళ్లో మిగిలిపోయే సేవకుడికి సమాజం ఇవ్వగల అతిపెద్ద అండ ఆ పరిస్థితిని కల్పించడమే. బంగాళాఖాతంలో తర్వాతి అల్పపీడనం ఎప్పుడు ఏర్పడుతుందో వాతావరణ శాఖ కొద్ది రోజుల ముందే చెప్పగలదు. అది తీరం దాటిన రెండో ఏడాది ఊళ్లో ఎవరుంటారో, వారి చేతిలో ఏముంటుందో ఇప్పుడు తీసుకునే నిర్ణయాలపైనే ఆధారపడి ఉంటుంది.